అల్లుడూ అరటిచెట్టూ

ఆ ఉదయానికి ప్రోసి వేసుకున్న పథకంలో వంక పెట్టడానికి ఏమీ లేదు. ఆరింటికి అరటికాయలు ఆకుల్లో చుట్టి ఆవిరికి పెట్టాలి. ఏడింటికి పాపను వీపున కట్టుకుని, మూట పట్టుకుని, మొగుడి మోటారుసైకిల్ ఎక్కాలి. ఎనిమిదికి పట్నంలో కళ్ళాసుపత్రి గేటు దగ్గర దిగాలి. తొమ్మిదింటికి లోపల, ముందురోజు ఆపరేషన్ అయిన అమ్మ నన్యోంజో కుడికంటి కట్టు విప్పుతారు. విప్పగానే ఆవిడ చూసే మొదటి మొహం పది నెలల మనవరాలు సూబిది కావాలి. అప్పటికి మొగుడు లుతాయా బండి తిప్పుకుని సగం దూరం వెళ్ళిపోయి ఉండాలి.

ఆ చివరిదే అన్నిటికన్నా ముఖ్యం. అత్తా అల్లుడూ ఎదురెదురు పడకూడదు కదా. అల్లుడు వస్తున్నాడంటే అత్త మొహం తిప్పుకుని తోటలోకి తప్పుకోవాలి, అత్త వస్తోందంటే అల్లుడు దారి వదిలి గట్టెక్కాలి. మాట్లాడాలంటే మధ్యన గోడైనా ఉండాలి. కాదని ఒకరి మొహం ఒకరు చూసుకుంటే చేతులు వణికే జబ్బు పట్టుకుంటుందని ఉగాండాలోని ఈ బుగాండా సీమలో పాలు తాగే పిల్లకి కూడా తెలుసు.

మూడేళ్ళ కిందట నన్యోంజోకి చూపు మసకబారినప్పుడే చిక్కొచ్చి పడింది. మొగుడు లేడు, కూతురిల్లు తప్ప వేరే చోటు లేదు. ఆ ఇంట్లో ఉన్నవి రెండే గదులు. ఇలాంటివి తేల్చవలసిన మనిషి ప్రోసి మేనత్త. పెళ్ళికి ముందు ప్రోసికి కాపురం పాఠాలన్నీ నూరిపోసింది ఆవిడే. వచ్చింది, మరదలి గడ్డం పట్టుకుని వెలుతురులోకి తిప్పింది. నల్లగుడ్డు నడిమధ్య పాలచుక్క పడ్డట్టు తెల్లగా ఉంది. మొహం ముందు చెయ్యాడించింది. రెప్ప కదల్లేదు.

"కళ్ళు కనబడని మనిషికి అల్లుడైనా ఒకటే, అరటిచెట్టైనా ఒకటే. ఉండనీ," అని తీర్పు చెప్పి, టీ తాగి వెళ్ళిపోయింది.

అలా లుతాయా మూడేళ్ళు అరటిచెట్టుగా ఉన్నాడు. మాట్లాడే అరటిచెట్టు. సాయంత్రం అరుగు మీద రేడియో పెట్టి, వార్తల మధ్యలో తన వార్తలు కలిపేవాడు. ఏ కొండ మీద వాన పడుతోందో, దారిన పోయే ఆవిడ నెత్తిన ఏముందో, సూబి ఇవాళ ఏ రంగు గౌను వేసుకుందో చెప్పేవాడు. ముట్టుకోవడం ఎలాగూ కూడదు కనుక చర్చికి వెళ్ళేటప్పుడు చేతికర్ర ఒక కొస తను పట్టుకునేవాడు, రెండో కొస ఆవిడ పట్టుకునేది. దారిలో తనే గుమ్మాలకు గుద్దుకుంటూ, పక్కనుంచి వచ్చే కోళ్ళను తొక్కుతూ నడిపించేవాడు. పరధ్యానం మనిషని ప్రోసి విసుక్కునేది.

ఒకసారి నన్యోంజో, వాళ్ళమ్మ ఎలా ఉండేదని అల్లుణ్ణి అడిగింది. తనకు ఊహ తెలియకముందే పోయిందని, మొహం గుర్తులేదని, ఫోటో కూడా లేదని చెప్పాడతను.

"పోనీలే నాయనా. నాకు నీ మొహం తెలీదు, నీకు మీ అమ్మ మొహం తెలీదు. సరికి సరి," అందావిడ.

అలాంటి రోజుల్లో కళ్ళాసుపత్రి వాళ్ళు చర్చికి వచ్చి, వరుసగా అందరి కళ్ళల్లోకీ లైటు వేసి చూశారు. నన్యోంజోకి ఉన్నది శుక్లమని, వయసుతో పట్టే పొర అని, దాన్ని తీసేసి చిన్న బిళ్ళ అమరిస్తే చూపొస్తుందని, ముందు కుడికన్ను చేసి కొన్నాళ్ళకు ఎడమది చేస్తామని చెప్పారు. వింటున్నవాళ్ళంతా చప్పట్లు కొట్టారు. నన్యోంజో మాత్రం, చేయించుకోవడం తప్పనిసరా అని అడిగింది. ప్రోసికి మొదట అర్థం కాలేదు. మేనత్త కబురు పంపాక అర్థమైంది. కట్టు విప్పిన క్షణం నుంచి పాత పద్ధతే అన్నదావిడ. తోట చివర నన్యోంజోకి వేరే మట్టిగది వెయ్యాలి. దాని గుమ్మం అవతలివైపుకి ఉండాలి, దారి కూడా వేరే ఉండాలి. కోళ్ళగూడు రెండు రోజుల్లో కట్టేసిన లుతాయాకి ఆ గది కట్టడానికి రెండు నెలలు పట్టింది.

ఆపరేషన్ చెడిపోతే అమ్మ కన్ను పోతుంది. కుదిరితే ఇంట్లో సాయంత్రాలు పోతాయి. దేవుణ్ణి ఏమని అడగాలో తెలియక ప్రోసి, నీ ఇష్టం అని వదిలేసింది. వదిలేసినా నిద్ర పట్టలేదు.

సరే, ఆ ఉదయం పథకం ప్రకారమే మొదలైంది. కాకపోతే రోజూ గాలిలా తోలే లుతాయా ఆ రోజు బండిని నడిపించుకుంటూ పోతున్నట్టు తోలాడు. గేటు దగ్గర దిగేసరికి ఎనిమిదిన్నర. గేటు పక్కనే ఉన్న రిజిస్టరు బల్ల దగ్గర అమ్మ కార్డు కనబడక మూటంతా విప్పాల్సి వచ్చింది. పాపను ఒక్క నిమిషం పట్టుకోమని, వీపు గుడ్డతో సహా మొగుడి చేతుల్లో పెట్టింది ప్రోసి. కార్డు దొరకగానే గుమాస్తా, ఇవాళ డాక్టరమ్మ తొందరగా వచ్చిందని, ఏడో నంబరు గదిలో కట్లు అప్పుడే విప్పేస్తున్నారని చెప్పాడు. ప్రోసి పరుగెత్తింది. గది గుమ్మంలోకి వెళ్ళాక గాని చేతులు ఖాళీగా ఉన్నాయని తెలియలేదు.

అప్పటికే కట్టు పోయింది. నన్యోంజో మంచం మీద నిటారుగా కూర్చుని రెండు కళ్ళూ బిగించి మూసుకుని ఉంది. నర్సు తెరవమంటోంది. ఆవిడ తెరవనంటోంది. మొదట పాప మొహం చూశాకే మిగతా లోకమట.

"అమ్మా, తెస్తా. అలాగే ఉండు, తెరవకు," అని ప్రోసి వెనక్కి పరుగెత్తింది.

గేటు దగ్గర బండి ఉంది. మనిషి లేడు.

ఎందుకంటే సూబి ఏడుపు అందుకుంది. తల్లికిచ్చేసి వెళ్ళిపోదామని లుతాయా వరండాలోకి వచ్చాడు. సరిగ్గా అప్పుడే పక్క గదిలోంచి అత్త గొంతు వినిపించింది. కట్టు విప్పేశారో లేదో తెలియదు. తలుపు తెరుచుకుంటే ఎదురుగా తనే. పారిపోవడానికి వరండాకి రెండో కొస లేదు. గోడవారన బల్ల మీద పదిమంది వరుసగా కూర్చున్నారు. వాళ్ళ మధ్యన దూరి, వీపు గుడ్డ నెత్తిమీదుగా కప్పుకుని, పాప తల ఒక్కటి బయటికి ఉంచి, తల వంచుకుని కూర్చున్నాడు.

అది కంటి లోపలి పరీక్షకు పిలిచినవాళ్ళ బల్ల. కంటిపాప పెద్దదయ్యే చుక్కలు వేసుకుంటూ చిన్న నర్సు ఒక్కొక్కరినీ దాటి వస్తోంది. ఇతని దగ్గర ఆగింది.

"నీళ్ళు కారుతున్నాయా?" అనడిగింది.

సూబి కుడికన్ను ఎప్పుడూ కారుతూనే ఉంటుంది. ప్రోసికి అదొక బెంగ. నర్సు పాపను చూసే అడిగిందనుకుని లుతాయా అవునన్నాడు, అత్తకు వినబడకుండా గుసగుసగా.

"ఎన్నాళ్ళనుంచి?"

"పుట్టినప్పటినుంచి."

"పుట్టినప్పటినుంచా? మరి ఇన్నాళ్ళూ ఏం చేస్తున్నావయ్యా?"

"వాళ్ళమ్మ రోజూ చనుబాలు పిండుతోంది."

నర్సు ఆ మగవాణ్ణి ఎగాదిగా చూసింది. ఇంకేం అడగబుద్ధి కాలేదు కాబోలు, గడ్డం పైకెత్తి రెండు కళ్ళల్లోనూ చుక్కలు వేసేసింది. కాసేపాగి మళ్ళీ వేసింది. తనకు కాదు పాపకని లుతాయా చెప్పబోయాడు గాని, ఏడో నంబరు గది తలుపు కిర్రుమంది. నోరు మూసుకున్నాడు.

తలుపు తీసింది నర్సు. పెద్దనర్సును పిలుస్తోంది, ఈవిడ కళ్ళు తెరవటం లేదని. తెరవటం లేదన్న మాట వరండా సగం దూరం పోయేసరికి తెరుచుకోవటం లేదని అయింది. మందుల కిటికీ దగ్గరికి చేరేసరికి రెప్పలు అతుక్కుపోయాయని అయింది. ఆపరేషన్‌కు వచ్చిన ముగ్గురు ముసలివాళ్ళు మాట్లాడకుండా మూటలు సర్దుకుని గేటు వైపు నడిచారు. అత్తా అల్లుళ్ళ పద్ధతి దగ్గరుండి చూసుకోవడానికి అప్పుడే దిగిన మేనత్తకు ఎదురుపడింది వాళ్ళే. ఆవిడ గేటు దగ్గర మొదలుపెట్టిన ఏడుపు ఏడో నంబరు గదిదాకా ఆపలేదు. ఇటు ప్రోసి ఆసుపత్రి చుట్టూ రెండుసార్లు తిరిగింది. పాపను కూడా గుడ్డలోకి లాక్కుని కూర్చున్న మొగుడి ముందునుంచే రెండుసార్లూ పోయింది. ఎవరో పసిబిడ్డకు పాలిస్తున్న తల్లి అనుకుని మర్యాదగా మొహం తిప్పుకుంది.

లుతాయా వంతు వచ్చింది. చీకటి గదిలో డాక్టరమ్మ అతని గడ్డం మరమీద ఆనించి, కళ్ళల్లోకి లైటు వేసి, చాలాసేపు చూసింది. కంటి మీద ఏదో ఆనించి ఒత్తిడి కొలిచింది. మళ్ళీ కొలిచింది.

"నీళ్ళ సంగతి అలా ఉంచు. నడుస్తుంటే పక్కన ఉన్నవి కనబడతాయా నీకు?"

కోళ్ళ సంగతి ఈవిడకు ఎవరు చెప్పారా అని అతను ఆశ్చర్యపోయాడు. డాక్టరమ్మ నెమ్మదిగా చెప్పింది. కంట్లో ఒత్తిడి ఎక్కువై వెనకాల నరం అరిగిపోతోంది. నీటికాసులంటారు. నొప్పీ మంటా ఉండదు, పక్కలనుంచి చూపును తినుకుంటూ వస్తుంది. పోయింది తిరిగిరాదు గాని ఉన్నది చాలా ఉంది, నిలబెట్టుకోవచ్చు. ఇవాళ రాకపోయి ఉంటే ఇంకో అయిదేళ్ళకు కర్ర పట్టుకుని వచ్చేవాడివంది. రావడం తన తెలివి కాదని చెబుదామనుకునేలోగా పెద్దనర్సు వచ్చి ఏడో నంబరు గదిలో కొంప మునిగిందని చెప్పింది.

"నా వెనకే రా, చీటీ అక్కడ రాసిస్తా," అని డాక్టరమ్మ లేచింది.

బయటికి రాగానే వెలుతురు లుతాయా కళ్ళల్లో పిండి చల్లినట్టయింది. వరండా, మనుషులు, చెట్లు, అంతా తెల్లటి మంచు. అందులో ఇంకాస్త తెల్లగా కదులుతున్నది డాక్టరమ్మ కోటు. పాపను రొమ్ముకు అదుముకుని ఆ కోటు వెంట నడిచాడు. ఒక గుమ్మానికి భుజం గుద్దుకుని లోపలికి అడుగుపెట్టాడు. ఏడుస్తున్న మేనత్తా, వెతికి వెతికి అప్పుడే తిరిగొచ్చిన ప్రోసీ, మంచం మీద నన్యోంజో, అందరూ అక్కడే ఉన్నారు. అతని కళ్ళకు మాత్రం ఎవరూ లేరు.

అమ్మమ్మ వాసన తగిలి సూబి కేరింత కొట్టింది.

నన్యోంజో కళ్ళు తెరిచింది.

ఆవిడ చూస్తూనే ఉంది. పది నెలలుగా వేళ్ళతో తడిమి నేర్చుకున్న ముక్కు, బుగ్గలు, నుదుటి మీది చిన్న వంకీ, ఒక్కొక్కటే కంటితో సరిచూసుకుంటున్నట్టు చూసింది. తర్వాత చూపు కొంచెం పైకి వెళ్ళింది. అక్కడ కొంచెం ఎక్కువసేపే ఆగింది. తర్వాత మళ్ళీ పాప మీదికి దిగింది.

మేనత్త ఏడుపు ఆపింది.

"చూశావా?"

"చూశాను వదినా. బంగారుతల్లిని చూశాను."

"పాపను కాదు. ఎత్తుకున్న మనిషిని చూశావా అని."

నన్యోంజో కన్ను తుడుచుకుంది.

"మనిషా? పాప వెనకాల ఏదో అరటిచెట్టు ఉంది."

అరటిచెట్టన్న మాట మేనత్తదే. అందులో తప్పు పట్టడం ఎలా? ఇంతలో లుతాయా గాల్లోకి చెయ్యి చాపి, తను ఎక్కడున్నాడో ఎవరైనా చెబుతారా అని అడిగాడు. చుక్కల ప్రభావమని, సాయంత్రం దాకా ఇంతేనని డాక్టరమ్మ చెప్పింది. మేనత్త దగ్గరికొచ్చి అతని మొహం ముందు చెయ్యాడించింది. రెప్ప కదల్లేదు. మూడేళ్ళ కింద చేసిన పనే. ఆవిడ చాలాసేపు ఆలోచించింది.

"సరే. కనబడనంతసేపు," అంది చివరికి, ఎవరివైపూ చూడకుండా.

నీళ్ళు కారేది పాప కన్నని తేలాక డాక్టరమ్మ ప్రోసి వేలు పట్టుకుని, పాప కంటి కొస నుంచి ముక్కు పక్కగా కిందికి ఎలా నిమరాలో చూపించింది. కన్నీళ్ళ దారి ఇంకా తెరుచుకోలేదని, ఏడాది నిండేలోగా తెరుచుకుంటుందని, చనుబాలు కంట్లోకి కాదు నోట్లోకని చెప్పింది. ప్రోసికి ఏడవాలో నవ్వాలో తెలియలేదు. రెండూ చేసింది.

ఇంటికి బండి మీద వెళ్ళే దారి లేదు. టాక్సీ స్టాండు దాకా నడవాలి. నన్యోంజో మంచం పక్కనున్న చేతికర్ర తీసుకుని, ఒక కొస తను పట్టుకుని రెండో కొస గాల్లోకి చాపింది. లుతాయా తడుముకుని అందుకున్నాడు. ముందు అత్త, వెనక అల్లుడు, ఆ వెనక పాపతో ప్రోసి, ఇరవై అడుగుల దూరంలో మేనత్త.

"మూడు మెట్లున్నాయి. చిన్నగా. ఎడమపక్క కోడి ఉంది, దాని బతుకు దాన్ని బతకనీ," అంటూ నడిపించింది నన్యోంజో. గేటు దాటాక గొంతు తగ్గించింది. ప్రోసికి మాత్రమే వినబడింది.

"మీ అమ్మ మొహం తెలీదన్నావు కదా. నీ మొహంలో సగం ఆవిడదే అయి ఉంటుంది. చెవులు పెద్దవి. కనుబొమలు దగ్గరగా కలిసిపోయాయి. గడ్డం మీద చిన్న సొట్ట ఉంది. ఇంటికెళ్ళాక నీ వేళ్ళతో తడిమి చూసుకో. నేను పాపను చూసింది అలాగే."

లుతాయా చేతిలో కర్ర వణికింది. వెనకనుంచి అది చూసిన మేనత్త, జబ్బు అప్పుడే పట్టుకుందని గొణుక్కుంది.

అతనికి రాసిచ్చిన మందు రోజూ సాయంత్రం వేసుకోవాలి, జీవితాంతం. కంటికి ఒక చుక్క. వేసుకున్నాక కళ్ళు మూసుకుని, ముక్కు పక్కన వేళ్ళతో నొక్కిపట్టి, అయిదు నిమిషాలు కదలకుండా కూర్చోవాలి. కనబడనంతసేపు అన్నది మేనత్త తీర్పే కనుక, ఆ అయిదు నిమిషాలకూ నన్యోంజో తోట చివరి గదినుంచి అరుగు మీదికి వచ్చి, ఏ కొండ మీద వాన పడుతోందో, ఎవరి నెత్తిన ఏముందో అల్లుడికి చెబుతుంది.

ఆ ఇంట్లో అయిదు నిమిషాలంటే రేడియోలో వార్తలు మొదలైనప్పటినుంచి సూబి నిద్రపోయేదాకా.