కనకమ్మ మింగిన బిళ్ళ

పొద్దున ప్యాసింజరు భీమడోలు వచ్చేలోగా ఇడ్లీ తినిపించి, సుగర్ బిళ్ళ మింగించి, భర్త ఎలీయాజరును ఏలూరు డాక్టరుగారికి అప్పజెప్పాలన్నది కనకమ్మ పథకం. బిళ్ళ ఆయన చేతికివ్వదు. ఇస్తే కిటికీలోంచి దొడ్లోకి పోతుందని ఆవిడ అనుమానం. "నాలుక చాపండి" అంటుంది. పాస్టరుగారు రొట్టె పెట్టినంత భక్తిగా పెట్టి, మింగేదాకా కదలదు.

కిటికీ గట్టు మీద రెండు సీసా మూతలుంటాయి. ఎర్రదాంట్లో ఆయన సుగర్ బిళ్ళ, తెల్లదాంట్లో తన థైరాయిడ్ బిళ్ళ. ఆరోజు చీకటితోనే లేచింది. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. తడుముకుంటూ ఆయనకొకటి పెట్టి, తనొకటి వేసుకుంది. గొంతులో అడ్డుపడింది. థైరాయిడ్ ముదిరి గొంతు వాచిపోయిందని బెంగపెట్టుకుంది.

రైలు కదిలాక అసలు అనుమానం వచ్చింది.

"ఏవండీ, ఇవాళ బిళ్ళ ఎలా దిగిందండీ?"

"హాయిగా. ఆవగింజలా జారిపోయింది. రోజూ అలాంటిదే పెట్టరాదూ?"

ఆవగింజంతది తనది!

"అయ్యో, మీ సుగర్ బిళ్ళ నేను మింగేశానండీ! ఒంట్లో ఉన్న కాస్త సుగరూ లాగేస్తుంది. ఏలూరు వచ్చేలోగా పోతాను. మన పిల్ల క్యాథరిన్ ఇంకా ఇంటర్ కూడా గట్టెక్కలేదు!"

ఎదురు సీట్లో సూర్యకాంతం అనే పెద్దావిడ కూతురికి సున్నుండలు తీసుకెళుతోంది. వెంటనే డబ్బా మూత తీసింది. "ముందు తినమ్మా, కళ్ళు తేలేస్తున్నావు." కనకమ్మ నాలుగు తింది. పక్కావిడ అరటిపళ్ళిచ్చింది. ఎవరో కూల్‌డ్రింకు పట్టించారు. పెట్టెలో సగంమంది పడుకోబెట్టమన్నారు, సగంమంది నిద్రపోనివ్వద్దన్నారు.

"నాకూ ఒక ఉండ..." ఎలీయాజరు చెయ్యి చాపాడు.

"బిళ్ళ పడని రోజు మీరు ఉండలు చూడను కూడా కూడదు!" పోయేముందు చివరిపనిగా ఆ చేతిమీద ఒక్కటి వేసింది.

ఏలూరులో డాక్టర్ చంద్రకళ ఆవిడ వేలు పొడిచి చూసింది. మూడువందల పన్నెండు.

"పూర్తిగా పడిపోయిందాండీ?"

"పడిపోవడం కాదమ్మా. మీకు సుగర్ ఉన్నట్టుంది."

"ఎవరికి? నాకా? అది సున్నుండలదండీ!"

డాక్టరు మరో పరీక్షకు రక్తం తీయించింది. సాయంత్రానికి కాగితం వచ్చింది. "ఇది మూడునెలల సగటమ్మా. ఇవాళ్టి సున్నుండలు ఇందులో కనపడవు."

"ఈ మిషను మూడునెలలూ మా వంటింట్లో కూచుందాండీ? నేనొప్పుకోను! సుగర్ మా ఆయనది. నాది థైరాయిడ్!"

"రెండూ ఉండొచ్చు. మీవారికి ఒక్కరోజుకి ఏమీ కాదు. మీరు థైరాయిడ్ బిళ్ళ మానకండి. పొద్దున పొరపాటున మింగిన బిళ్ళ, రేపట్నుంచి మీక్కూడా రాస్తున్నాను."

మర్నాడు ఎలీయాజరు ముందే లేచాడు. తన బిళ్ళ తనే మింగి, ఎర్రమూత పట్టుకొచ్చి పెళ్ళాం ఎదుట నిలబడ్డాడు.

"నాలుక చాపు, కనకం."

కనకమ్మ పెదవులు బిగించి మొహం తిప్పుకుంది. ఇరవై రెండేళ్ళ కాపురంలో ఆవిడ నోరు మూసుకోవడం ఎలీయాజరు చూడటం అదే మొదలు.