గొంతు పోయిన ఆదివారం

ఆ ఆదివారం ఎంగ్కుస్ వేసుకున్న పథకం చాలా చిన్నది. ఎనిమిదింటిదాకా ఉజుంగ్‌బెరుంగ్ సంతలో కోడిగంజి అమ్మాలి. తరవాత గరిటె భార్య నినింగ్ చేతికిచ్చి, ఇంటికెళ్లి స్నానం చేసి, పదింటికి గిలాంగ్ కేసెట్ల కొట్టుకు చేరాలి.

ముప్పయ్యేళ్ల కిందట అతను తులాంగ్ బసాః అనే డెత్ మెటల్ బృందంలో, అంటే పాటను గర్జనలా పాడే రాక్ బృందంలో, గాయకుడు. ఆ పేరుకు తడి ఎముక అని అర్థం. బృందం పదకొండు నెలలు బతికింది. అద్దె గదిలో ఏడు పాటలు రికార్డు చేసి, నలభై కేసెట్లు చేయించి, వాటిలో ఎక్కువ భాగం చుట్టాలకు ఊరికే పంచి విడిపోయింది. ఆ పాటల గురించి తరవాత ఎవరూ, తిట్టడానికైనా సరే, నోరెత్తలేదు. పోయిన నెల పాత సామాన్ల కుప్పలో ఒక కేసెట్ ఆ కేసెట్ల కొట్టు నడిపే గిలాంగ్ అనే కుర్రాడికి దొరికింది. దాన్ని మళ్లీ విడుదల చేస్తానన్నాడు. ముందుగా ఈ ఆదివారం తెలిసినవాళ్లను పిలిచి వినిపిస్తాననీ, ఎంగ్కుస్ వచ్చి ఒక్క పాట పాడాలనీ అడిగాడు.

స్నానాలగదిలో ఎంగ్కుస్ ఆ పాట ఒకసారి సరిచూసుకున్నాడు. మొదటి గర్జన బాగానే వచ్చింది. రెండోదానికి లోపల ఏదో చిరిగినట్టయింది. మూడోదానికి గాలి తప్ప ఏమీ రాలేదు. సంతకు పరుగెత్తి సైగలతో భార్యకు చెప్పుకున్నాడు. ఆవిడ ఒక చేత్తో గంజి పోస్తూ, రెండో చేత్తో పాత డ్రమ్ములవాడు ఒమాన్‌కు ఫోన్ చేసింది. అతనిప్పుడు బైకు టాక్సీ నడుపుతున్నాడు.

"ఒమాన్, మీ అన్నకి పొద్దున స్నానాలగదిలో గొంతు పోయింది. ఇక మాటా పలుకూ లేదు. మీవాళ్లకి నువ్వే చెప్పు."

లారీల మోతలో ఒమాన్‌కు 'అన్న', 'స్నానాలగదిలో', 'పోయింది', 'మాటా పలుకూ లేదు' అన్నవి మాత్రమే వినిపించాయి.

"అయ్యో వదినా. మరి నువ్వెక్కడున్నావు?"

"బండి దగ్గరే. జనం నిలబడ్డారు, గంజి పోయాలి, ఉంటాను."

ఎంత గుండె రాయి చేసుకుందో అనుకుని ఒమాన్ రోడ్డు పక్కన బండి ఆపి ఏడ్చాడు. తరవాత గిలాంగ్‌కు చెప్పాడు. గిలాంగ్ లోకానికి చెప్పాడు.

పాడలేకపోయినా, తన పాట పదిమంది మధ్య ఒక్కసారి వినాలని ఎంగ్కుస్ బయల్దేరాడు. కొట్టు ముందు నల్లచొక్కాల కుర్రాళ్లు రోడ్డుదాకా నిలబడి ఉన్నారు. లోపల నడుందాకా జుట్టున్న ఒక కుర్రాడి ఫొటో, దాని ముందు పువ్వులు. అది తనేనని పోల్చుకోవడానికి ఎంగ్కుస్‌కే కాసేపు పట్టింది. గంజి మరకల చొక్కాతో ఉన్న ఈ బట్టతలాయన్ని చూసి ఎవరో వెనక కుర్చీ వేశారు.

కేసెట్ మొదలైంది. మూడో పాటలో రేకుల కప్పు మీద వాన పడుతోంది. రికార్డు చేసిన రోజు వాన ఆగేదాకా ఉండాలంటే గది అద్దెకు డబ్బు చాలలేదు, అందుకే అలాగే పాడేశారు.

"ఆ వాన వింటున్నారా?" అన్నాడు గిలాంగ్. "ఎవరికొస్తుందండీ ఆ ఆలోచన?"

"డ్రమ్ములు పాటకంటే ముందుకు ఉరుకుతున్నాయి," అన్నాడింకొకడు. "చావు తరుముతున్నట్టుంది."

ఎంగ్కుస్‌కు కన్నీళ్లు ధార కట్టాయి. పక్కనున్న అమ్మాయి రుమాలు అందించింది.

"ఆయన మీకు తెలుసా, పెద్దాయనా?"

తలూపాడు.

"బాగా దగ్గరివారా?"

దానికీ తలూపాడు. చెప్పాలని నోరు తెరిస్తే కుక్కర్ ఆవిరిలాంటి చప్పుడొచ్చింది. ఆ అమ్మాయి అతని భుజం నిమిరింది. అతనికి నిజం చెప్పాలన్న తొందర తగ్గింది. ఏడు పాటలూ అయ్యేదాకా చచ్చిపోయి ఉంటే తప్పేమిటి అనిపించింది.

అయిదో పాటలో ఒమాన్ వచ్చాడు. ఫొటోకు దండం పెట్టి, వెనక్కి తిరిగి, కొయ్యబారిపోయాడు.

"ఒరేయ్ ఎంగ్కుస్," అన్నాడు నిష్ఠూరంగా, "నువ్వు పోలేదా?"

గిలాంగ్ కేసెట్ ఆపాడు. అందరూ ఫొటోనీ ఎంగ్కుస్‌నీ మార్చి మార్చి చూశారు.

"మీరు బతికుండటం సంతోషమే అన్నా," అన్నాడు గిలాంగ్ చివరికి. "కానీ ఇది స్మారక కేసెట్ అని అందరికీ చెప్పేశాను. మూడు బృందాలు సంస్మరణ సభలో వాయించడానికి ఒప్పుకున్నాయి. వాళ్లకిప్పుడు ఏం చెప్పను?"

మిగతా రెండు పాటలూ వేశారు, మర్యాద కోసం.

"డ్రమ్ములు లయ తప్పుతున్నాయి కదా," అన్నాడు ఇందాకటివాడే.

"ఆ వాన కూడా రికార్డింగ్ లోపంలాగే ఉంది," అన్నారింకెవరో.

ఆ అమ్మాయి రుమాలు ఉంచుకోమంది, కానీ కుర్చీ కొంచెం దూరం జరుపుకుంది. ఒంటిగంటకల్లా కొట్టు ఖాళీ అయింది.

ఇంటికొచ్చాక నినింగ్ అడిగింది. "నచ్చిందా వాళ్లకి? ఎప్పుడు విడుదల చేస్తారట?"

ఎంగ్కుస్ కాగితం తీసుకుని, 'నేను పోయాక' అని రాసిచ్చాడు.

నినింగ్ అది రెండుసార్లు చదివి, రేపటి గంజికి బియ్యం కడగడానికి లేచింది.