అరవై ఒక్క మ్యాచులూ ఒక్క గడీ

మనిషి బతుకులో ఏం జరిగిందో దేవుడికి తెలిస్తే చాలదు, ఫారానికి తెలియాలి. గల్ఫ్‌లో, ముసఫ్ఫాలోని ఫారాలు నింపిపెట్టే టైపింగ్ సెంటర్లో పదకొండేళ్లుగా జనం బతుకులను గడుల్లో కూర్చోబెడుతున్న పోచన్నకు ఇది వేదవాక్కు. (గడిలో పట్టనివాళ్లు ఇంటికి పంపే విమానంలో పడతారని అతని అనుభవం.)

2023 ఫిబ్రవరిలో ఓ సోమవారం, మహమ్మద్ బిన్ జాయెద్ సిటీలోని ఫుట్‌బాల్ అకాడమీలో గడ్డి కోసే హన్మంతు, తాటిచెట్టంత తెల్లాయనను వెంటబెట్టుకొచ్చాడు. పేరు గ్రిగొరాష్. రొమేనియా తరఫున అరవై ఒక్క మ్యాచులు ఆడి రిటైరైన డిఫెండరు, ఇప్పుడు ఆ అకాడమీ కోచ్. గురువారంలోగా కోచ్ పర్మిట్ రెన్యువల్ కాకపోతే వీసా ఖలాస్. కూతురి పదో తరగతి పరీక్షలు వచ్చే నెలే.

పోచన్న, కోచ్ పర్మిట్లు ఇచ్చే మైదాన నైపుణ్యాల మండలి వారి కొత్త యాప్ తెరిచాడు. మొదటి గడి: చేసిన గోల్స్. గ్రిగొరాష్ వేళ్లు గుండ్రంగా చుట్టి సున్నా చూపించాడు. యాప్ ఆ సున్నాను తిప్పికొట్టింది.

“గిదేం కోచ్? అరవై మ్యాచులల్ల ఒక్కటన్న కొట్టలేదా?” అన్నాడు పోచన్న.

“ఆయన పని కొట్టుడు కాదన్నా, కొట్టనియ్యకపోవుడు. చేనుకాడ కావలోడి లెక్క. పందులు రాకుంటేనే పని చేసినట్టు,” అన్నాడు హన్మంతు.

“రాలేదని పందులతోని కాయితం రాపిచ్చుకొస్తడా మరి?”

పోచన్న ఎగతాళికే అన్నాడు. మండలి ఎగతాళి ఎరగదు. నిబంధన 14-బి ప్రకారం గోల్ ఆపిన డిఫెండరు, తాను ఆపిన ఆటగాడి నుంచి “నేను కొట్టేవాడినే, ఇతనే ఆపాడు” అన్న పత్రం తేవాలి. దాని మీద ఆ ఆటగాడి దేశపు ఎంబసీ ముద్ర ఉండాలి. గ్రిగొరాష్ రెండు రోజులు ఫోన్లకు అతుక్కుపోయాడు. పోలండ్ ఆటగాడొకడు తనను ఎవరూ ఆపలేదనీ, గడ్డి తడిగా ఉండి తానే జారాననీ రాసి పంపాడు. నార్వే ఆయన, అసలు గ్రిగొరాష్ ఎవరని అడిగాడు. (పని సరిగ్గా చేసిన డిఫెండరును ఎవరూ గుర్తుపెట్టుకోరు.)

బుధవారం సాయంత్రం తెల్లాయన తల దించుకుని, ఇంగ్లీషూ హిందీ కలగలిపి అసలు సంగతి బయటపెట్టాడు. ఒక గోల్ ఉంది. 2009లో, చివరి నిమిషంలో, తలతో కొట్టింది. పడింది మాత్రం సొంత జట్టు గోల్‌పోస్టులో. దేశమంతా ఏడ్చింది. ఊళ్లో రొట్టెల కొట్టాయన రొట్టె అమ్మనన్నాడు. తల్లి మూడు నెలలు మాట్లాడలేదు. కూతురికి ఈ సంగతి నేటికీ తెలియదు.

హన్మంతు నేలచూపులు చూశాడు. పోచన్న కుర్చీ ముందుకు జరుపుకున్నాడు.

“ఏ దిక్కు కొట్టిండని గడి అడుగుతలేదు కదా తమ్మీ. కాయితాలున్నయా అడుగు.”

కాయితాలకేం కొదవ! ఆపిన వందల గోల్స్‌కు ఒక్క సాక్ష్యమూ లేదు గానీ, ఈ ఒక్కదానికి పదిహేడు దేశాల పత్రికలు, ఏడు కోణాల వీడియో, రిఫరీ సంతకంతో రికార్డు. పోచన్న అవన్నీ జతచేసి, గోల్స్ గడిలో ఒకటి అని కొట్టాడు. నాలుగు నిమిషాల్లో అభినందనలతో సహా పచ్చగుర్తు వెలిగింది.

గ్రిగొరాష్ పోచన్న చేతులు రెండూ పట్టుకుని, ముఖం మాత్రం పక్కకు తిప్పుకున్నాడు.

పర్మిట్ కింద రెండు షరతులు ఉన్నాయి. సాధించిన గోల్ ఫోటోను పెద్దది చేయించి అకాడమీ గుమ్మంలో తగిలించాలి. కోచ్ తాను నిరూపించుకున్న విద్యనే పిల్లలకు నేర్పాలి.

శనివారం గ్రిగొరాష్ పిల్లలను వరుసలో నిలబెట్టి, సొంత గోల్‌పోస్టు వైపు తిప్పాడు. పరీక్షలకు చదువుకుంటున్న కూతురు ఆ గుమ్మం వైపు రాకుండా చూసుకోవడం కూడా ఆయన పనుల్లో చేరింది.

ఆ సీజన్‌లో అకాడమీ అన్ని మ్యాచులూ ఓడిపోయింది. గోల్స్ నాలుగింతలు పెరిగినందుకు మండలి ఆయనను ఉత్తమ కోచ్‌గా ప్రకటించి, మిగిలిన కోచ్‌లకు శిక్షణ ఇమ్మంది.