మోడల్ ప్రకారమే విమానం

"మన జెట్ విమానం మనమే తయారు చేసుకుంటున్నాం. దాని ముక్కు ఎటు తిరిగితే అటువైపు శత్రువు ఉండడు!" అని విమాన శాఖ మంత్రిగారు ప్రకటించగానే హాలు చప్పట్లతో దద్దరిల్లింది. ఆ వాక్యం నేను రాసిందే. మంత్రిగారి ప్రసంగాలు రాయడం, పత్రికల వాళ్ళకి పంచడం నా ఉద్యోగం. రాసిచ్చిన మాటని అప్పుడే పుట్టినట్టు పలకడం మంత్రిగారి ప్రతిభ.

నా సంతోషానికి ఇంకో కారణం కూడా ఉంది. ఆ విమానాన్ని మొదట నడపబోయే పైలట్ స్వయానా మా తమ్ముడు. ఊరి బయట ఫ్యాక్టరీలో విమానం నిజంగానే తయారవుతోంది. ఇంజనీర్లు ఏళ్ళ తరబడి తల బద్దలు కొట్టుకుని, ఇంకొన్ని నెలల్లో ఎగరేస్తామనే దాకా తెచ్చారు. మా తమ్ముడికి అదంటే ప్రాణం. "బంగారం లాంటి బండి అన్నయ్యా" అనేవాడు.

మంత్రిగారికి మాత్రం నెలల తరబడి ఆగే అలవాటు లేదు. ఈ వారంలోనే పత్రికల వాళ్ళకి ఏదో ఒకటి చూపించాలన్నారు.

"ఫ్యాక్టరీకి తీసుకెళ్దామా సార్?" అన్నారు శాఖ కార్యదర్శిగారు.

"అంత దూరం ఎవరు పోతారయ్యా? టేబుల్ మీద పెట్టేది పట్రా."

అలా మా శాఖలోకి ముక్కలు అతికించుకునే ప్లాస్టిక్ విమానం కిట్టు వచ్చింది. నిబంధనల ప్రకారం బజారులో ఉన్న వాటిలో అన్నింటికన్నా చవకది కొన్నారు. పెట్టె మీద మబ్బుల్ని చీల్చుకుంటూ నిప్పులు కక్కుతున్న జెట్ బొమ్మ ఉంది. మూత తీసి లోపల చూశాక, ఉత్త పెట్టెనే చూపిస్తే ఎలా ఉంటుందని కార్యదర్శిగారు చాలాసేపు ఆలోచించారు. ముక్కల అంచులకి పల్చటి ప్లాస్టిక్ మీగడలా వేలాడుతోంది. నిలువునా రెండుగా చేసిన విమానం ఒంట్లో ఒక సగం పొడుగు, రెండో సగం పొట్టి. చక్రాలు కోడిగుడ్ల ఆకారంలో ఉన్నాయి.

అయినా మా వాళ్ళు వెనకడుగు వేసే రకం కాదు. పని పంచుకున్నారు. ఎడమ రెక్క ఒక డిప్యూటీ కార్యదర్శికి, కుడి రెక్క ఇంకో డిప్యూటీ కార్యదర్శికి అప్పగించారు. పాత ప్రమోషన్ గొడవ వల్ల వాళ్ళిద్దరికీ మాటల్లేవు. అందుచేత ఎవరి గదిలో వాళ్ళు తలుపులేసుకుని తమకి తోచిన ఎత్తులో రెక్క అతికించి, ఒంటిని రెండో వారి గదికి బంట్రోతు చేత పంపారు. ఒక రెక్క ఆకాశాన్ని, రెండోది నేలని చూస్తూ తేలాయి. పైలట్ కూర్చునే చోటి అద్దాన్ని అండర్ సెక్రటరీ బిగించారు. ఆయన ఏ పనైనా గట్టిగా చేస్తారు. గమ్ము ఆవిరికి అద్దం పాలరాయిలా తెల్లబడింది, పొట్ట మీద ఆయన బొటనవేలి ముద్ర శాశ్వతంగా పడింది. నిలబెడితే ముక్కు లేచి విమానం తోక మీద కూర్చుంది. దారంతో ముక్కుని టేబులుకి కట్టారు.

పత్రికల వాళ్ళు వచ్చారు.

"రెక్కలు ఒకటి పైకి, ఒకటి కిందికి ఉన్నాయేంటి సార్?"

"ఎటు తిరుగుతుందో శత్రువుకి తెలియకూడదుగా!" అన్నారు మంత్రిగారు.

"అద్దంలోంచి పైలట్ కనపడడం లేదు."

"కనపడితే ఇంక రహస్యం ఏముందయ్యా?"

మర్నాడు అన్ని పత్రికల్లోనూ ఫొటో వచ్చింది. ఒక్క పత్రిక మాత్రం ఆ ఫొటో పక్కనే ఫ్యాక్టరీలోని అసలు విమానం ఫొటో వేసి, ఈ రెండూ ఒకటేనా అని అడిగింది. మంత్రిగారు కాఫీ కూడా ముట్టలేదు.

"జనానికి ఒకటి చూపించి ఇంకోటి ఎగరేయడం మోసం కాదూ? నా కంఠంలో ప్రాణం ఉండగా అది జరగనివ్వను."

"మోడల్ మార్చమంటారా సార్?" అన్నారు కార్యదర్శిగారు.

"జనం చూసేసినదాన్ని ఎలా మారుస్తావయ్యా? విమానం మార్చు!"

ఇంత నిజాయితీపరుడి దగ్గర పని చేస్తున్నందుకు నా ఒళ్ళు పులకరించింది. అభ్యంతరం చెప్పిన చీఫ్ ఇంజనీరుకి దీర్ఘకాలిక సెలవు దొరికింది. కొత్త ఇంజనీరు ఏ అభ్యంతరమూ లేని మనిషి. స్కేలు పెట్టి మోడల్ని అంగుళం అంగుళం కొలిచి, విమానాన్ని దాని ప్రకారం సవరించాడు. అండర్ సెక్రటరీ గారి బొటనవేలి ముద్రని కూడా వదల్లేదు. అది తలుపంత సైజులో వచ్చింది.

ఎగిరే రోజు ప్రకటించాక మా తమ్ముడు ఇంటికి వచ్చి, బూట్లు కూడా విప్పకుండా కూర్చున్నాడు.

"ఎగురుతుందంటావా?" అన్నాను.

"ఎగరకపోతే ఫర్వాలేదన్నయ్యా. ఎగిరితేనే భయం."

మరదలు వంటింటి గుమ్మంలోంచి అంది: "బావగారూ, రోజూ మంత్రిగారి పక్కనే ఉంటారు కదా. ఆయనకి ఒక్క మాట చెప్పలేరా?"

మర్నాడే వెళ్ళి చెప్పాను. మంత్రిగారు చాలా నొచ్చుకున్నారు. "మీ తమ్ముడా! ముందే చెప్పొద్దూ?" అని, మా కుటుంబానికి మొదటి వరసలో కుర్చీలు వేయించారు.

ఆ రోజు మైదానం నిండా జనం. విమానాన్ని పెద్ద తెర చాటున ఉంచారు. మా తమ్ముడు ముస్తాబై తెర వెనక్కి వెళ్ళాడు. మరదలు కళ్ళు మూసుకుంది. కాసేపటికి తెర వెనక నుంచి మాటలు వినిపించాయి.

"ఇందులోకి ఎక్కేదెలా?"

"ఎక్కడానికి లేదండీ," అన్నాడు కొత్త ఇంజనీరు. "మోడల్లో అద్దం తెరుచుకోదు. అందుకని మేమూ వెల్డింగ్ చేసేశాం."

మా తమ్ముడు హెల్మెట్ చంకన పెట్టుకుని నడిచి వచ్చేశాడు. మరదలు అతని చెయ్యి పట్టుకుంది, ఇక వదల్లేదు. ఇంత మంచి వెల్డింగ్ ఈ లోకంలో ఎక్కడా జరగలేదనిపించింది నాకు.

మంత్రిగారు ఆకాశం వంక చూశారు. మబ్బులు దట్టంగా ఉన్నాయి. మైకు వాళ్ళకి ఏదో చెప్పారు. లౌడ్ స్పీకర్లలో ఇంజన్ చప్పుడు హోరెత్తింది. "మన విమానం లేచింది! మబ్బులు దాటింది! మన పైలట్ పైనుంచి మీకు చెయ్యి ఊపుతున్నాడు!" జనం ఈలలు వేస్తూ తలలెత్తారు. నేనూ ఎత్తాను. మా తమ్ముడూ ఎత్తి చూశాడు.

చిక్కు ఆ తరవాత వచ్చింది. విమానం దిగేది చూడకుండా కదిలేది లేదని జనం భీష్మించారు. కార్యదర్శిగారు మంత్రిగారి చెవిలో, "ఎక్కించేశాం సార్. మరి దించడం ఎలా?" అన్నారు.

ఉన్నట్టుండి మంత్రిగారి కళ్ళు చెమ్మగిల్లాయి. నటన అనుకునేరు, నిజంగానే చెమ్మగిల్లాయి. నన్ను పిలిచి పెన్ను ఇచ్చారు.

"రాయి. గుండె కరగాలి."

"ఎవరి గురించి సార్?"

"మీ తమ్ముడి గురించేనయ్యా. నీకన్నా బాగా ఎవరు రాస్తారు?"

రాశాను. వాక్యాలు బాగా కుదిరాయి. జనావాసాల మీద కూలబోతున్న విమానాన్ని సముద్రం వైపు మళ్ళించి ప్రాణాలు అర్పించిన వీరుడి గురించి మంత్రిగారు చదువుతుంటే ఏడవని వాళ్ళు లేరు. అందరూ లేచి మౌనం పాటించారు. మా తమ్ముడు మొదట్నుంచీ క్రమశిక్షణ గలవాడు. అందరికన్నా నిటారుగా నిలబడ్డాడు.

మంత్రిగారు పతకం పట్టుకుని వేదిక దిగి, మరదలి ముందుకి వచ్చారు. దాన్ని అందుకోవాలంటే ఆమె తమ్ముడి చెయ్యి వదలాలి. ఆమె వదల్లేదు. కార్యదర్శిగారు మెల్లిగా ఆ వేళ్ళు విడదీశారు.

ఫొటోగ్రాఫర్ కెమెరా దించి మా తమ్ముడి వైపు చెయ్యి ఊపాడు. "మాస్టారూ, మీరు కాస్త పక్కకి జరుగుతారా? ఫొటోలో పడుతున్నారు."

"సారీ అండీ" అని మా తమ్ముడు పక్కకి జరిగాడు.