బావకు తప్ప అందరికీ తెలిసిన జబ్బు

క్యాన్సర్ వచ్చిన మనిషికి క్యాన్సర్ అని చెప్పకపోవడాన్ని మించిన వైద్యం లోకంలో లేదు! కీమోలు, రేడియేషన్లు అన్నీ దాని తర్వాతే. ఈ మాట నేను ఆషామాషీగా అనడం లేదు. మా ఇంట్లో ఆ వైద్యం నాలుగు నెలల పాటు నా పర్యవేక్షణలోనే జరిగింది.

రోగి మా బావ నూకయ్య, అంటే మా అక్క దేముడమ్మ భర్త. సాలూరులో ముప్పై ఏళ్లు లారీ తోలాడు. స్టీరింగ్ ఎంత పట్టుకున్నాడో బీడీ కూడా అంతే పట్టుకున్నాడు. మూడు నెలలు ఆగని దగ్గు. మిరియాల కషాయం అయింది, సీసాల కొద్దీ దగ్గు మందు అయింది. ఓ రోజు కఫంలో రక్తపు చార కనబడ్డాక గానీ విశాఖపట్నం తీసుకెళ్లలేదు.

అక్కడ స్కాన్ తీశారు. సూదితో చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారు. ఊపిరితిత్తుల క్యాన్సర్ అని తేలింది. "ఆపరేషన్ చేసే దశ దాటిపోయింది. కానీ కీమో, రేడియేషన్ టైముకి పడితే లొంగే అవకాశం ఉంది" అన్నారు డాక్టర్ సుహాసిని గారు. 'టైముకి' అన్న మాట ఆవిడ రెండుసార్లు అన్నారు. మేం ఒక్కసారి కూడా వినలేదు.

బావని క్యాంటీన్‌కి పంపి కారిడార్‌లోనే మీటింగ్ పెట్టాం. "ఆ మాట సెవిన పడితే మనిషి దక్కడ్రా తమ్ముడూ" అని అక్క ఏడ్చింది. అంతే, తీర్మానం ఏకగ్రీవం! జబ్బుకి కొత్త పేరు పెట్టేశాం. నిమ్ము!

నిమ్ము ఎంత మర్యాదైన జబ్బో ఆలోచించండి. దానికి స్టేజీలు లేవు. పేరు వింటే ఎవరూ గుండెలు బాదుకోరు. వానాకాలంలో ఎవరి ఛాతీలో లేదు నిమ్ము?

ఇక రహస్యాన్ని ఎంత కట్టుదిట్టంగా కాపాడామనుకున్నారు! 'బావ హెల్త్' అని వాట్సాప్ గ్రూపు పెట్టాం. అరవై రెండు మంది సభ్యులు, అందులో బావ లేడు. లారీ స్టాండులో క్లీనర్లతో సహా అందరికీ తెలుసు. పక్కవీధి చర్చిలో పాస్టర్ కృపానిధి గారు ఆదివారం ప్రార్థనలో జబ్బు పేరు చెప్పి మరీ వేడుకున్నారు, మైకు మాత్రం ఆపించాం. మా పిన్ని అరసవల్లిలో మొక్కుకుంది. రాయపూర్ రూట్లో ఉన్న డ్రైవర్లు ఫోన్ చేసి నాకు ధైర్యం చెప్పారు. చూడ్డానికొచ్చినవాళ్లు గుమ్మంలోనే ఏడ్చేసి, కంట్లో నలక పడిందనేవారు. ఆ నెలలో మా వీధిలో ఎన్ని నలకలో!

ఆసుపత్రి బోర్డు మీద ఆ మాట ఆమడ దూరానికి కనబడేలా తెలుగులో రాసి ఉంది. రాయించినవాళ్లకి కాస్తయినా బుద్ధుండక్కర్లేదా? అందుకని బావని వెనక గేటు నుంచి తీసుకెళ్లేవాళ్లం. లోపల వార్డు నిండా బోడి తలలు.

"ఈలంతా ఏటిరా ఇలగున్నారు?" అన్నాడు బావ.

"సింహాచలం మొక్కు బావా. అందరూ ఒకే బస్సులో ఎల్లొచ్చినారు" అన్నాను.

మూడు వారాలకి బావ జుట్టూ ఊడింది. విశాఖపట్నం నీళ్లు పడలేదని చెప్పాను. ఇంత ప్రతిభ ఏ మెడికల్ కాలేజీలో నేర్పుతారు చెప్పండి?

మందు పనిచేసింది. రెండు కీమోలకే గడ్డ తగ్గింది, దగ్గూ తగ్గింది. సరిగ్గా ఇక్కడే మా వైద్యం తన సత్తా చూపించింది. మూడో కీమోకి కారు తెస్తే బావ మంచం దిగలేదు.

"నిమ్ము తగ్గిపోనాది కదరా. తగ్గిన రోగానికి మళ్లీ సూదులేటి? వాంతులయ్యీది నాకే కదా?"

ఎంత న్యాయమైన మాట! పైగా నిమ్ముకి వెచ్చదనం మంచిదని, మానేసిన బీడీ మళ్లీ ముట్టించాడు. అరవై రెండు మందిమీ చూస్తూ ఊరుకున్నాం. ఆరు వారాలు గడిచిపోయాయి. ఆయాసం వచ్చాక గానీ బావ కారెక్కలేదు.

కొత్త స్కాన్ చూసి డాక్టర్ గారు నన్ను తిట్టలేదు. తిట్టినా బాగుండేది. "గడ్డ మళ్లీ పెరిగింది. వైద్యం మళ్లీ మొదలుపెడదాం. ఈసారి ఎంత లొంగుతుందో చెప్పలేను" అన్నారు. మమ్మల్ని బయటికి పంపేసి, బావని ఎదురుగా కూర్చోబెట్టి తలుపు వేసుకున్నారు.

మేం వీల్‌చెయిర్‌తో, మంచినీళ్ల సీసాతో సిద్ధంగా నిలబడ్డాం. అక్క కొంగు నోట్లో కుక్కుకుంది. ఇప్పుడు పడిపోతాడు, ఇదిగో పడిపోతాడు! ఇరవై నిమిషాలకి బావ నడుచుకుంటూ వచ్చాడు. జేబులోంచి బీడీ కట్ట తీసి చెత్తబుట్టలో పడేశాడు. అక్క పక్కన కూర్చుని ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు. అప్పుడు నా వైపు చూశాడు.

"బ్రేకులు పోనాయని బండిలో అందరికీ సెప్పీసి, తోలీవోడికి మాత్రం సెప్పలేదేటిరా?"

నాలుగు నెలలుగా ఏ ప్రశ్నకైనా క్షణంలో అబద్ధం అల్లిన నాకు మొదటిసారి సిగ్గేసింది. బావ భయపడతాడని ఊరంతా చెప్పాను గానీ, ఆ మాట ఆయన మొహం మీద చెప్పడానికి భయపడింది నేను.

"మళ్లీ ఎప్పుడు రమ్మన్నారురా?" అని అక్క అలవాటు కొద్దీ నా చెవిలో అడిగింది.

"నన్నడుగే" అన్నాడు బావ. "సోమారం. ఎల్దుం."