సమ్మక్క ఏ గడిలో ఉంది?

వలస నేత కార్మికుల పేట లింబాయత్‌లో నా చేత్తో నింపిన ఫారం ఒక్కటి కూడా తప్పు పోలేదు. ఎవరినైనా అడగండి, బక్కయ్యను తప్ప.

లాక్‌డౌన్‌లో సాంచాలు, అంటే మా మరమగ్గాలు, ఆగి రెండు నెలలు. ఆ ఉదయం అనుకున్న పని చిన్నదే: మధ్యాహ్నం సిరిసిల్లకు వెళ్లే ఒకే ఒక్క బస్సులో బక్కయ్య భార్య సమ్మక్కకు సీటు. అక్కడ ఆమె కూతురికి నెలలు నిండాయి. ఊళ్లకు వెళ్లేవాళ్లు మా నేత సంఘానికిచ్చిన ఫారాలన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించిన పద్మారాణి, సంఘం పెద్ద దశరథానికి తెర మీద ఖాళీ పెట్టె చూపించింది.

"పేరు, ఊరు, ఏదన్న కొట్టు మామా. అన్ని గడుల్ల అదే దేవులాడుతది."

దశరథం "సమ్మక్క సిరిసిల్ల" అని కొట్టాడు. యంత్రం రెండు మాటల్లో ఏ ఒక్కటి ఏ గడిలో ఉన్నా పట్టుకొచ్చింది. మాస్కు ఆవిరికి మసకబారిన కళ్లజోడుతో ఆయన "సీటు ఖాయమని మెసేజ్ పంపు" నొక్కేశాడు.

"ఎందరికి పంపినవ్ మామా?"

"ఒక్క సమ్మక్కకే."

"రెండొందల పన్నెండు మందికి పోయింది!"

పద్మారాణి రెండు మాటలూ ఉండాల్సిందేనని మార్చింది. యంత్రం రెండూ ఒకే గడిలో కావాలంది. దొరికింది సున్నా.

"ఏంది బిడ్డా, గంతమందిల ఉన్న నేను, ఒక్కదాన్నే అయితే లేనా?" కిటికీలోంచి తల పెట్టి అడిగింది సమ్మక్క.

ఏ మాట ఏ గడిలో ఉన్నా సరే, రెండూ ఉండాలని పద్మారాణి మళ్లీ మార్చింది. ఒక్కటే దొరికింది: బక్కయ్య. ఊరు సిరిసిల్ల. భార్య సమ్మక్క.

"నా బిడ్డ కాన్పుకు మొగుడు పోతడా? నా ఫారం నింపినోడేడి?"

అందరూ నా వైపు చూశారు. ఇల్లు ఒకటే కదా, రెండో కాగితం దండగని ఆమెను బక్కయ్య ఫారంలోని భార్య గడిలో సర్దింది నేనే.

ఈలోగా బస్సెక్కే మైదానంలో రెండు వందల పన్నెండు మంది మూటలతో దిగారు. వెనకే పోలీసులు.

"సబ్‌కో మెసేజ్ కిస్‌నే భేజా?" అందరికీ మెసేజ్ పంపిందెవరని గద్దించాడు వాళ్ల అధికారి.

"మషీన్ సాబ్," అన్నాడు దశరథం, చేతులు వెనక్కి దాచుకుంటూ.

ఆ గుంపును చూసిన అధికారి గంటసేపు ఫోన్లు చేశాడు. సాయంత్రానికి ఏడు బస్సులు వచ్చాయి.

"బక్కయ్య!" జాబితా చూసి పిలిచారు మొదటి బస్సు దగ్గర.

"ఆఁ," అంది సమ్మక్క, మొగుడి తలపాగా, కళ్ల దాకా మాస్కుతో. మాస్కు తియ్యమనే ధైర్యం ఆ రోజుల్లో ఎవరికుంది? బక్కయ్య గోడచాటున నిలబడి, వెళ్లిపోతున్న తనకు తానే చెయ్యూపాడు.

ఏడు బస్సులన్నది నేను కలిపింది, వచ్చినవి నాలుగే. మిగతాదంతా నిజం. మనవరాలిని చూసి తిరిగొచ్చేటప్పుడు సమ్మక్క తన ఫారం తానే నింపుకుంది.