మొహమాటానికి పదమూడు మంది

ఇరాన్‌లో కొత్త ఏడాది పండగ నౌరూజ్ మూడో రోజు ఉదయం ఫరీబర్జ్ తన ప్రయాణపు కాగితాన్ని ఆఖరిసారి చదువుకుని, మడిచి జేబులో పెట్టుకున్నాడు. మర్నాడు ఆరింటికి యజ్ద్‌లో బయల్దేరడం, పదిన్నరకి ఇస్ఫహాన్ చేరడం, హోటల్లో సంచులు పడేసి పదకొండున్నరకల్లా పార్కు గేటు దగ్గర ఉండడం. కళ్ళజోళ్ళ దుకాణం నడిపే మనిషి కనుక అతనికి ఏ పనిలోనైనా పాయింటు తేడా వస్తే తల నొప్పి పుడుతుంది. ఆ వారంలో దేశంలో సగం మంది ఇస్ఫహాన్‌లోనే ఉంటారని తెలుసు కాబట్టి, నెల ముందే తారీఖు వేసిన టికెట్లు మూడు కొన్నాడు. తనకొకటి, భార్య మహీన్‌కొకటి, పదేళ్ళ కూతురు తరానెకొకటి.

నిజానికి ఈ ప్రయాణం తరానెది. ఆ పార్కులో అజ్దహా అని ఒక పెద్ద రోలర్ కోస్టర్ ఉంది. దాని ముందు స్తంభానికి ఎర్ర గీత గీసి ఉంటుంది. ఆ గీతకి తల అందని పిల్లల్ని ఎక్కించుకోరు. తరానె రెండేళ్ళు వరసగా ఆ స్తంభానికి వీపు ఆనించి నిలబడి, మడమలు ఎత్తి, దొరికిపోయి వెనక్కి వచ్చింది. ఈ ఏడు గీత దాటి రెండు వేళ్ళు పెరిగింది. ఏం జరిగినా సరే ఈసారి ఎక్కిస్తానని ఫరీబర్జ్ మాట ఇచ్చాడు.

పది గంటలకి పక్కింటి తహ్మాసబీ గారు పండగ పలకరింపుకి వచ్చారు. ఆయన రైల్వే స్టేషన్ మాస్టరుగా చేసి రిటైరయ్యారు. భార్య పోయి ఏడాది అయింది. ఎక్కువ మాట్లాడరు. మహీన్ టీ గ్లాసులూ మిఠాయి పళ్ళెమూ పెట్టింది. ఆయన హాల్లో ఉన్న సంచుల వైపు చూశారు.

"ఎక్కడికో బయల్దేరుతున్నట్టున్నారు."

"ఇస్ఫహాన్ అండీ. పిల్లని పార్కుకి తీసుకెళ్తున్నాం. మీరూ రండి, కారులో చోటుంది" అన్నాడు ఫరీబర్జ్.

ఈ మాటని యజ్ద్‌లో ఎవరూ పిలుపుగా లెక్కపెట్టరు. మా ఊళ్ళో టాక్సీవాడు కూడా దిగేటప్పుడు "డబ్బులెందుకండీ, మీ కారే అనుకోండి" అంటాడు. ఆ మాట పట్టుకుని దిగి వెళ్ళిపోయినవాడు ఇంతవరకూ లేడు. పిలిచేవాడు మూడుసార్లు పిలవాలి, అవతలివాడు మూడుసార్లు వద్దనాలి, ఆ తర్వాత ఇద్దరూ హాయిగా టీ తాగాలి.

"అబ్బే, మీకెందుకు శ్రమ" అన్నారు తహ్మాసబీ గారు.

"శ్రమేముందండీ. మీరొస్తే మాకే నిండుగా ఉంటుంది."

"వద్దులెండి. మీ కుటుంబం మధ్య నేనెందుకు?"

రెండు అయ్యాయి. ఇక ఒక్కటే మిగిలిందన్న ధీమాతో ఫరీబర్జ్ కాస్త గట్టిగానే అన్నాడు. "మీరు రానంటే మేమూ వెళ్ళం."

తహ్మాసబీ గారు టీ గ్లాసు కింద పెట్టారు. "అయితే సరే, వస్తాను. ఎన్నింటికి బయల్దేరదాం?" అన్నారు.

మహీన్ చేతిలో పళ్ళెం గాలిలో ఆగిపోయింది. చివరికి తరానె జవాబు చెప్పింది. "ఆరింటికి."

ఆయన వెళ్ళాక తలుపు వేసి మహీన్ మొదలుపెట్టింది. "ఎందుకన్నావా మాట?"

"అందరూ అనేదే అన్నాను."

"మూడోసారి అంత బలంగా అంటారా ఎవరైనా? 'మేమూ వెళ్ళం' అంటావా?"

"ముప్పై ఏళ్ళుగా చూస్తున్నాను మహీన్. ఆయన దేనికీ ఔనన్న మనిషి కాదు."

మధ్యాహ్నం ఫోను మోగింది. తహ్మాసబీ గారి అక్క బద్రీ ఖానుమ్. "మా తమ్ముడు ఏడాది తర్వాత ఇవాళ నవ్వాడమ్మా. బూట్లకి పాలిష్ వేసుకుంటున్నాడు. మీ ఇల్లు చల్లగా ఉండాలి" అంటూ ఆవిడ ఏడ్చేసింది. మొగుణ్ణి అప్పటిదాకా దులిపిన మహీన్ మనసు ఒక్కసారి కరిగిపోయింది. మనసు కరిగితే నోరు ఆగదు.

"అయ్యో, ఆయన్నొక్కరినే పంపిస్తారా? మీరూ రండి బద్రీ ఖానుమ్."

"ఎలాగమ్మా, నా దగ్గర ఇద్దరు మనవరాళ్ళున్నారు."

అది కుదరదని చెప్పడమే అనుకుని మహీన్ ధైర్యంగా, "పిల్లలేం బరువండీ?" అంది.

"బరువు కాదంటే తీసుకొస్తానమ్మా."

మహీన్ ఫోను పెట్టేసి గోడ వైపు చూస్తూ నిలబడింది. ఫరీబర్జ్ ఆమె వైపు చూశాడు.

"ఏమీ అనకు" అంది.

"నేనేమన్నాను?"

ఏడుగురు ఆ కారులో పట్టరు. మహీన్ తమ్ముడు హూషంగ్ బడి పిల్లల మినీ బస్సు నడుపుతాడు. సెలవుల్లో అది ఊరికే నిలబడి ఉంటుంది. రెండు రోజులు ఇస్తావా అని మహీన్ అడిగింది.

"ఇవ్వడమేంటక్కా, నేనే నడుపుతాను" అన్నాడు హూషంగ్. "మమ్మల్ని ఎప్పుడు పిలుస్తారా అని మా ఆవిడ పండగ నుంచీ ఎదురు చూస్తోంది. పిల్లలు అప్పుడే బట్టలు సర్దుకుంటున్నారు."

అతనూ, భార్యా, ముగ్గురు పిల్లలూ. పన్నెండు. హోటల్లో గది ఒకటే ఉందని చెబితే, తన దగ్గర రెండు గుడారాలున్నాయన్నాడు.

సాయంత్రం కాకముందే ఫరీబర్జ్ తల్లి కర్ర పట్టుకుని వెనక వీధి నుంచి నడిచి వచ్చింది. ఆవిణ్ణి ఇంట్లో అందరూ అజీజ్ అంటారు. కుర్చీలో కూర్చుంది కానీ టీ ముట్టలేదు.

"పక్కింటివాడికి చోటుందట. పక్కింటివాడి అక్కకి చోటుందట. ఆవిడ మనవరాళ్ళకి చోటుందట."

"అమ్మా, మోకాళ్ళ నొప్పులు, నేను రానని నువ్వే అన్నావుగా?"

"అన్నాను. నువ్వు నమ్ముతావనుకోలేదు."

ఆ రోజు ఫరీబర్జ్ జేబులోంచి కాగితం తీసి చూడలేదు. తరానె మాత్రం తండ్రి పక్కన చేరి నెమ్మదిగా అడిగింది. "నాన్నా, నేను అజ్దహా ఎక్కుతానా?"

"ఎక్కుతావు" అన్నాడతను. గొంతులో నిన్నటి బలం లేదు.

మర్నాడు ఆరింటికి మినీ బస్సు సందు చివర నిలబడింది. అజీజ్ ఎక్కబోతూ కర్రతో అందరినీ లెక్కపెట్టి, కాలు వెనక్కి తీసుకుంది.

"పదమూడు. పండగ వారంలో అచ్చిరాని పదమూడు మంది ప్రయాణమా? నేను ఎక్కను."

"అయితే నేనాగిపోతాను" అంది బద్రీ ఖానుమ్. "మీరెందుకండీ, నేనాగుతాను" అన్నారు తహ్మాసబీ గారు. "మేమే ఆగుతాం" అంది హూషంగ్ భార్య. ఫరీబర్జ్ గుండె ఎగిరి గంతేసింది. కానీ ఆగుతామన్న వాళ్ళలో ఒక్కరూ అంగుళం కదల్లేదు. చివరికి తరానె ఇంట్లోకి పరిగెత్తి, నౌరూజ్‌కి ప్రతి ఇంటా అలంకరించే పండగ బల్ల మీది గాజు కూజా పట్టుకొచ్చింది. అందులో ఎర్ర చేప ఈదుతోంది.

"అజీజ్, ఇది పద్నాలుగు."

అజీజ్ చేపని పరీక్షగా చూసింది. "ప్రాణమున్నదేగా. సరే."

తర్వాత బస్సు తలుపు దగ్గర ఇంకో చిక్కు వచ్చిపడింది. పెద్దవారు ముందు ఎక్కాలి. తానే పెద్దనని ఎవరూ ఒప్పుకోరు. మీరు ముందంటే మీరు ముందని ముగ్గురు ముసలివాళ్ళు ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని నిలబడ్డారు. బస్సు కదిలేసరికి ఏడున్నర. దారిలో నాలుగుసార్లు టీకి ఆగారు, రెండుసార్లు చేపకి నీళ్ళు మార్చారు. గుడారాలతో నిండిపోయిన ఇస్ఫహాన్ వీధులు దాటి పార్కు చేరేసరికి రెండు గంటలు.

గేటుకి ఒక బోర్డు వేలాడుతోంది. "పార్కు నిండిపోయింది. ఇవాళ్టి తారీఖు టికెట్ ఉన్నవారికే ప్రవేశం."

ఫరీబర్జ్ జేబులోని టికెట్లు తడుముకున్నాడు. టికెట్లు మూడు, మనుషులు పదమూడు. గోడ అవతల అజ్దహా పట్టాల మీద పడుతూ లేస్తూ పోతోంది, కేకలు గాలిలో వినిపిస్తున్నాయి.

"మీ ముగ్గురూ వెళ్ళిరండి" అన్నాడు హూషంగ్. "మేం ఇక్కడ చెట్ల కింద కూచుంటాం" అంది బద్రీ ఖానుమ్. "నా మోకాళ్ళకి ఇదే నయం" అంది అజీజ్.

"ఎంత మాట. మిమ్మల్ని రోడ్డు మీద వదిలి మేం లోపలికి వెళ్తామా? అందరం వెనక్కి వెళ్దాం" అన్నాడు ఫరీబర్జ్.

తరానె కూజా పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఏడవలేదు. ఏడ్చి ఉంటే ఫరీబర్జ్‌కి కొంచెం నయంగా ఉండేది.

"వాళ్ళు వెళ్ళమంటున్నారుగా నాన్నా."

"అది మర్యాదకి అంటున్నారమ్మా. మర్యాదకి అన్న మాట పట్టుకోకూడదు."

"మరి తహ్మాసబీ గారిని మనం మర్యాదకే పిలిచాంగా. ఆయనెందుకు పట్టుకున్నారు?"

మహీన్ ముఖం పాలిపోయింది. హూషంగ్ బస్సు చక్రం వైపు చూడడం మొదలుపెట్టాడు. ఫరీబర్జ్‌కి చెవుల దాకా సెగ తగిలింది. నలభై ఏళ్ళ బతుకులో ఇంత సిగ్గు అతను ఎరగడు. ఏదో చెప్పబోయి తడబడుతుంటే తహ్మాసబీ గారు చెయ్యెత్తి ఆపారు.

"నాకు తెలుసు తల్లీ" అన్నారు ఆయన. "మీ నాన్న మర్యాదకే పిలిచాడు. అది తెలియనంత పిచ్చివాణ్ణి కాదు."

"తెలిసే వచ్చారా?" అంది తరానె.

"ముప్పై ఏళ్ళు ప్రతి రైలుకీ జెండా ఊపాను. ఎవరు రమ్మన్నా, 'అబ్బే, మీకెందుకు శ్రమ' అన్నాను. వాళ్ళు మూడుసార్లు అడిగి వెళ్ళిపోయేవాళ్ళు. మా ఆవిడ పక్కనే నిలబడి వినేది. ఆమెకి ఇస్ఫహాన్ చూడాలని ఉండేది. ఆమె పోయాక ఒట్టు పెట్టుకున్నాను, ఈ ఏడు ఎవరు ముందు పిలిస్తే వాళ్ళతో వెళ్తానని. మీ నాన్న పిలిచాడు." ఆయన ఫరీబర్జ్ వైపు తిరిగారు. "నీకు కష్టం కలిగించాను, క్షమించు. కానీ ఆ మాట అన్నందుకు నీకు రుణపడి ఉన్నాను."

ఫరీబర్జ్ ఆయన చేతులు పట్టుకున్నాడు. మర్యాద మాటలన్నీ నిన్ననే అయిపోయాయి.

తహ్మాసబీ గారు కోటు సవరించుకుని తిన్నగా గేటు దగ్గరికి నడిచారు. అక్కడ బుర్రమీసాల కాపలామనిషి పొద్దుటి నుంచీ జనానికి సర్దిచెప్పి గొంతు పోగొట్టుకుని ఉన్నాడు.

"నాయనా, పద్నాలుగు ప్రాణాలం. యజ్ద్ నుంచి వచ్చాం. ముగ్గురికి టికెట్లున్నాయి, మిగతావి కొనుక్కుంటాం. దారిస్తావా?"

కాపలామనిషి తెల్లజుట్టు చూసి గుండె మీద చెయ్యి పెట్టుకున్నాడు. "పెద్దాయనా, మీ పాదాలు నా కళ్ళ మీద. ఈ పార్కు మీదే అనుకోండి. కానీ..."

"చాలు నాయనా. సంతోషం" అన్నారు తహ్మాసబీ గారు. వెనక్కి తిరిగి చెయ్యి ఊపారు. "రండమ్మా, మన పార్కేనట."

కాపలామనిషికి నిలువుగుడ్లు పడ్డాయి. పదిహేనేళ్ళుగా ఆ మాట రోజుకి రెండు వందల సార్లు అంటున్నాడు. ఎవరూ తీసుకోలేదు. "అయ్యా, అది కాదు, మీకోసం ప్రాణమైనా ఇస్తాను కానీ..."

"ప్రాణం వద్దు నాయనా. గేటు చాలు."

వరసలో ఉన్న జనం చప్పున ఆగిపోయి చూస్తున్నారు. "అంత మాట అన్నాక పెద్దమనిషిని ఎండలో నిలబెడతావా?" అంది ఎవరో ముసలావిడ. కాపలామనిషి అటు చూశాడు, ఇటు చూశాడు, చెమట తుడుచుకుని గడియ తీశాడు. లోపలికి వెళ్తున్న తలలు లెక్కపెట్టి, "పద్నాలుగన్నారు, పదమూడేగా?" అన్నాడు నీరసంగా. తరానె కూజా ఎత్తి చూపించింది. అతను ఇక ఏమీ అడగలేదు.

అజ్దహా దగ్గర తరానె తల ఎర్ర గీత దాటింది. పక్క సీటులో ఎవరు కూర్చుంటారన్నది తేలలేదు. మహీన్‌కి తల తిరుగుతుందట. ఫరీబర్జ్ పట్టాల ఎత్తు చూసి, చేప కూజా తను పట్టుకుంటానన్నాడు. "మీరు ఎక్కుతారా?" అని తరానె తహ్మాసబీ గారిని అడిగింది. ఆయన ఒక్కసారి కూడా వద్దనలేదు. టోపీ తీసి బద్రీ ఖానుమ్ చేతికిచ్చి ఎక్కేశారు.

కిందికి దిగాక ఆయన బల్ల మీద చాలాసేపు కళ్ళు మూసుకుని కూర్చున్నారు. ఫరీబర్జ్ కంగారుపడి పక్కన చేరాడు. "ఎలా ఉందండీ?"

"ఇంత తొందరగా ఏ రైలు వెళ్ళినా నా ఉద్యోగం పోయేది" అన్నారు తహ్మాసబీ గారు. కాస్త ఆగి, "ఇంకోసారి వెళ్దామని తరానె అంటోంది" అన్నారు.

అప్పటికి గేటు బయట ప్రతి కుటుంబమూ తమ ముసలాయన్ని వరస ముందుకి తోసి నిలబెట్టింది. మర్నాటి నుంచి ఆ గేటు దగ్గర మర్యాద బొత్తిగా తెలియని మనిషిని వెతికి మరీ వేశారని విన్నాం.